గాల్లో 29 నిమిషాలు

కందుకూరు బస్టాండు ఎదురుసందులో నాదొక చిన్న షాపు. జిరాక్సు, పాస్‌పోర్టు ఫొటోలు, కరెంటు బిల్లులు, రైలు టికెట్లు, విమానం టికెట్లు. కువైట్ పోయేవాళ్లకి, బెంగళూరులో కొడుకుల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకి పదేళ్లుగా టికెట్లు తీసిస్తున్నాను. నేను మాత్రం ఎన్నడూ విమానం ఎక్కింది లేదు. "ఎంతసేపు పడుతుంది నాయనా?" అని అడిగితే తెర మీద ఏ అంకె ఉంటే అది చదివేవాణ్ణి. గంటా పది, రెండుంబావు, యాభై నిమిషాలు. ఆ అంకెలో ఏమేం కలిసి ఉంటాయో అడిగినవాళ్లకీ తెలీదు, చెప్పిన నాకూ తెలీదు.

2025 జూన్‌లో ఆ అంకె నా మీదికే వచ్చింది.

మా మామయ్య ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి కందుకూరు డిపోలోనే రిటైరయ్యాడు. ఆయన కొడుకు, అంటే నా బావమరిది, కశ్మీరులో సోనామార్గ్ అవతల తవ్వుతున్న సొరంగం పనిలో ఇంజనీరు. రెండేళ్లుగా ఇంటికి రాలేదు. పెళ్లిచూపులు కూడా వీడియో కాల్‌లోనే అయ్యాయి. మధ్యలో ఫోన్ కట్ అయింది సిగ్నల్ లేకో, పిల్లకి నచ్చకో అప్పటికింకా తేలలేదు. ఇక ఇలా కాదని అత్త నిర్ణయం చేసేసింది. కొత్త ఆవకాయ ఊరింది, మీరిద్దరూ పోయి వాడి చేతికిచ్చి, వాణ్ణి కళ్లారా చూసి రండి అంది.

జమ్మూ దాకా రైలు. జమ్మూ నుంచి శ్రీనగర్‌కి విమానం. విమానం బావమరిది పట్టుదల, "నాన్న ఒక్కసారన్నా ఎక్కాలి బావా" అని. తిరుగు ప్రయాణం మాత్రం శ్రీనగర్ నుంచి కట్రాకి జూన్ 7న మొదలైన కొత్త వందేభారత్‌లో. అది మామయ్య కోరిక. వెళ్లేటప్పుడు కూడా దాంట్లోనే పోదామన్నాడు గానీ సీట్లు దొరకలేదు.

ఇంట్లో టెన్షన్ లేకపోలేదు. అహ్మదాబాదులో విమానం కూలి అప్పటికి రెండు వారాలు కాలేదు. పహల్గాంలో కాల్పులు జరిగి రెండు నెలలు. చనిపోయిన 26 మందిలో మా పక్కనున్న కావలి అబ్బాయి ఒకడు. పంపించేది తనే అయినా, బయల్దేరే ముందు రోజు రాత్రి అత్త ఏమీ మాట్లాడకుండా సంచులు సర్దింది.

మొదటి రోజు

తెల్లవారుజామున కందుకూరులో ఒంగోలు బస్సెక్కాం. 2022లో మమ్మల్ని ప్రకాశం నుంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపారు గానీ ఆస్పత్రికైనా, బట్టలకైనా, పెద్ద రైలుకైనా మాకు ఒంగోలే.

మామయ్య సీట్లో కూర్చోగానే జేబులోంచి చిన్న డైరీ తీశాడు. బస్సు కదిలిన టైము రాశాడు. సింగరాయకొండ, టంగుటూరు, ప్రతి స్టేజీకీ ఒక టైము. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎస్సార్, అంటే కండక్టరు లెక్కల కాగితం, నింపిన చెయ్యి, ఊరికే ఉండలేదు. ఆయన లెక్కలో ప్రయాణానికి రెండే భాగాలు. ఒకటి రన్నింగ్ టైము, రెండోది హాల్టు. "కిలోమీటర్లు ఎవడైనా చెప్తాడ్రా అబ్బాయ్. హాల్టు ఎంతో చెప్పినోడే కండక్టరు" అన్నాడు.

ఒంగోలులో అల్లూరయ్య మైసూర్‌పాక్ రెండు డబ్బాలు తీసుకుని అండమాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. జమ్మూ పోయే రైలుకి అండమాన్ అని పేరేమిటని మామయ్య టీసీని అడిగాడు. టీసీ నవ్వాడే గానీ జవాబు చెప్పలేదు. చెన్నైలో అండమాన్ ఓడ దిగి ఉత్తరాదికి పోయేవాళ్లకి పనికొచ్చే బండి కాబట్టి ఆ పేరని నేను చెప్పాను. టికెట్లు అమ్మేవాడికి ఆ మాత్రం తెలియాలి కదా.

విజయవాడలో పెరుగన్నం పొట్లాలు. వరంగల్ దాటేసరికి కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి కాలింది.

రెండో రోజు

చెప్పుకోవడానికి ఏమీ లేదు. భోపాల్, ఝాన్సీ, ఆగ్రా. ఎండ, దుమ్ము, చల్లారిన చపాతీలు. పై బెర్తులో ఆవకాయ డబ్బా, కింద మామయ్య. అర్ధరాత్రి రెండుసార్లు లేచి డబ్బా తడిమి చూసుకున్నాడు.

మూడో రోజు

పంజాబంతా వరినాట్లు. పఠాన్‌కోట దాటి జమ్మూకశ్మీరులో అడుగు పెట్టగానే మామయ్య ఫోను మూగబోయింది. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు అక్కడ పనిచెయ్యవు, పోస్ట్‌పెయిడ్ అయితేనే పనిచేస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు కాబట్టి నాది నెల ముందే మార్పించుకున్నాను. మామయ్యకి చెప్పడం మర్చిపోయాను. దాంతో ఆ వారమంతా అత్త ఫోన్లన్నీ నాకే, తిట్లన్నీ నాకే.

ఒంగోలు నుంచి జమ్మూ రెండున్నర వేల కిలోమీటర్లకి కాస్త తక్కువ. బండి మూడు గంటలు లేటు. రాత్రి జమ్మూలో దిగితే చల్లగా ఉంటుందనుకున్నాం. ఒంగోలు ఎండనే ఎవరో ముందు రైల్లో పంపించినట్టు ఉంది.

లాడ్జిలో ఫ్యాను కింద కూర్చుని మ్యాపు తీశాను. జమ్మూ, శ్రీనగర్ దాదాపు ఒకే నిలువుగీత మీద ఉంటాయి. జమ్మూ నుంచి నిటారుగా ఉత్తరానికి గీత గీస్తే రెండు విమానాశ్రయాల మధ్య దూరం 145 కిలోమీటర్లు. ఇది మామయ్యకి ఎలా చెప్పాలి? అదే గీత నెల్లూరు నుంచి ఉత్తరంగా గీసి చూశాను. ఒంగోలు దాటి చినగంజాం దగ్గర ఆగింది.

"ఓస్, చినగంజాం ఉప్పుమడుల దాకానా!" అన్నాడు. "దానికి ఇమానమా?"

మన దగ్గర అయితే నిజమే. పదహారో నంబరు హైవే మీద నెల్లూరు నుంచి కారులో రెండున్నర గంటలు, మధ్యలో టీ తాగినా. అక్కడ మాత్రం ఆ గీతకి అడ్డంగా పీర్ పంజాల్ కొండలున్నాయి, శిఖరాలు నాలుగు వేల మీటర్ల పైమాటే. రోడ్డు వాటి చుట్టూ మెలికలు తిరిగి ఒకప్పుడు దాదాపు 300 కిలోమీటర్లు అయ్యేది. 2017లో చెనానీ–నాశ్రీ సొరంగం తెరిచారు, 9 కిలోమీటర్ల పైన. అదొక్కటే 30 కిలోమీటర్లు తగ్గించింది. 2021లో బనిహాల్–కాజీగుండ్ సొరంగం, ఎనిమిదిన్నర కిలోమీటర్లు. ఇప్పుడు కూడా 250కి అటూ ఇటూ ఉంటుంది. అదీ రాంబన్ దగ్గర కొండచరియ విరిగి పడకపోతే. పడిందా, ఆ రోజు ఎన్ని గంటలో చెప్పే కండక్టరు ఎవడూ లేడు.

నాలుగో రోజు

టికెట్ మీద ఉన్నది: జమ్మూ 10.20, శ్రీనగర్ 11.10, ప్రయాణ సమయం 50 నిమిషాలు. ఇలాంటి వరస నేను ఎన్ని వందలసార్లు ప్రింటు తీశానో లెక్క లేదు.

ఏడుంబావు కాకముందే లాడ్జి ఖాళీ చేశాం. ఊరికీ విమానాశ్రయానికీ దూరం పెద్దగా లేదు, ఆటోలో పాతిక నిమిషాలు. అది ఎయిర్‌ఫోర్స్ వాళ్ల స్థలం, ఒక పక్కన మనలాంటి వాళ్లకి ఇంత చోటిచ్చారు. గేటు దగ్గర తనిఖీ, లోపల తనిఖీ, విమానం ఎక్కేముందు మెట్ల దగ్గర ఇంకోసారి. ఫొటోలు తియ్యకూడదు.

సామాను మిషన్లో పోతుంటే ఆవకాయ డబ్బా దగ్గర ఆపారు. అత్త దాన్ని కట్టిన తీరు చూస్తే ఎవరికైనా అనుమానమే వస్తుంది. స్టీలు డబ్బా, మూత చుట్టూ మైదాపిండి ముద్ద, దాని మీద ప్లాస్టరు, ఆ పైన పాత పంచె గుడ్డతో వాసెన, ఆ పైన ప్లాస్టిక్ సంచి, సంచి మీద పురికొస. సెక్యూరిటీ ఆయన కత్తెర తెచ్చి ఒక్కొక్కటే విప్పాడు. మామయ్యకి హిందీ రాదు. "మ్యాంగో, మ్యాంగో, సన్ ఈటింగ్" అంటున్నాడు. గుడ్డ విప్పేసరికి వాసన బయటికొచ్చింది. ఆయన ఆగి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఆంధ్రా?" అన్నాడు. చెన్నైలో మూడేళ్లు పనిచేశాడట. మళ్లీ తనే గుడ్డ చుట్టి, ముడేసి, లోపలి సామానుకి పంపించాడు. అత్త ముడికి ఆయన ముడి ఏమాత్రం తీసిపోలేదు.

ఆ తర్వాత కూర్చున్నాం. పదీ ఇరవై దాటింది. ఢిల్లీ నుంచి రావాల్సిన విమానమే మమ్మల్ని ఎక్కించుకుని పోవాలి, అది అక్కడే లేటు. బోర్డు మీద టైము పదకొండయింది, పదకొండున్నరయింది. ఎందుకు లేటో ఎవరూ చెప్పరు. మామయ్యకి ఇది నచ్చలేదు. "మా డిపోలో బస్సు అరగంట లేటైతే కంట్రోలరు బయటికొచ్చి తిట్లు తినేవాడు. ఈడ తిట్టడానిక్కూడా మనిషి లేడే" అన్నాడు.

పన్నెండూ ఐదుకి విమానం వెనక్కి కదిలింది. మామయ్యది కిటికీ సీటు. అంతలో ఒక అమ్మాయి వచ్చి కిటికీ మూతలన్నీ దించమంది. సరిహద్దు దగ్గరి రక్షణశాఖ విమానాశ్రయాల్లో పదివేల అడుగుల ఎత్తుకి పోయేదాకా, దిగేటప్పుడు మళ్లీ పదివేల కిందికి వచ్చాక మూతలు వేసి ఉంచాలని మే నెలలో ఉత్తర్వు వచ్చింది. మామయ్య నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తు. సినిమా హాల్లో తెర దించేసి టికెట్ చింపినట్టు.

విమానం నింపాదిగా పోయి, మలుపు తిరిగి, ఆగి, మళ్లీ కదిలింది. 12.17కి నేల వదిలింది. వదిలిన సంగతి కడుపులోనే తెలిసింది, కళ్లకి తెలీలేదు. మామయ్య ముందు సీటు వీపు పట్టుకుని ఆంజనేయ దండకం అందుకున్నాడు, ఒక చేత్తో వాచీ చూసుకుంటూనే. ఆరు నిమిషాలకి మూతలు ఎత్తొచ్చన్నారు.

కింద కొండలు. వాటి ఆకుపచ్చని చూస్తుండగానే అది పోయి బూడిదరంగు వచ్చింది. ఆ బూడిదరంగు మడతల్లో తెల్లటి చారలు. అవేంటో నాకు వెంటనే తట్టలేదు. జూన్ నెల, పొద్దున జమ్మూలో చొక్కా తడిసి ముద్దయింది. మామయ్యే ముందు గుర్తుపట్టాడు. "మంచురా" అన్నాడు, దండకం మధ్యలో ఆపి. కొండ వంకల్లో నీడ పడినచోటల్లా కరగని మంచు, మిగిలిపోయిన సున్నంలాగా అంటుకుని ఉంది. ఒకచోట శిఖరం కింద చిన్న చెరువు, అందులో నీళ్లు రాగి బిందె లోపల కిలుం పట్టినట్టు పచ్చగా. దాని ఒడ్డున ఏ దారీ లేదు, ఇల్లూ లేదు. మామయ్య నుదురు అద్దానికి ఆనించి అలాగే ఉండిపోయాడు. అద్దం మీద ఆయన ఊపిరి పట్టిన మచ్చ పెరుగుతోంది, తగ్గుతోంది.

తర్వాత కొండ ఒక్కసారిగా తెగిపోయి లోయ కనిపించింది. చదునుగా, మడులు మడులుగా, మన డెల్టాని ఎత్తుకొచ్చి కొండల మధ్య పెట్టినట్టు. ఇంకా చూద్దామనేలోపు మూతలు దించమన్నారు. వాచీ చూశాను. తెరిచి ఉన్నది 14 నిమిషాలు.

12.46కి చక్రాలు నేలని తాకాయి. 12.53కి ఆగింది. సామాను చేతికొచ్చేసరికి 1.25. బయట సైనిక వాహనాల వరస, టాక్సీ, ఊళ్లో ట్రాఫిక్. దాల్ సరస్సు దగ్గర రూములో దిగేసరికి రెండున్నర.

మామయ్య మంచం మీద కూర్చుని డైరీ మూసి తెరిచి మూడుసార్లు కూడాడు. గాల్లో ఉన్నది 29 నిమిషాలు. కదిలినప్పటి నుంచి ఆగేదాకా 48. అంటే టికెట్ మీది 50 అబద్ధం కాదు. విమానం గేటు దగ్గర కదిలింది మొదలు అవతల గేటు దగ్గర ఆగేదాకా కంపెనీలు లెక్కేసే టైము అది. నేల మీద పాకేదీ అందులోనే, ఇంత సర్దుబాటూ అందులోనే. కాకపోతే లాడ్జి నుంచి రూముకి మాకు పట్టింది ఏడు గంటలా ఇరవై నిమిషాలు. దారి బాగుంటే జీపులో కూడా అంతే.

"అయితే ఇది ఎంత స్పీడు పోయినట్టు?" అన్నాడు. 145 కిలోమీటర్లు 29 నిమిషాల్లో అంటే గంటకి 300. పెద్ద విమానం పైన నిలకడగా పోయేటప్పుడు 800 దాటుతుంది కదా, మరి ఇదేంటి అని నేను ఆలోచిస్తుంటే ఆయనే చెప్పాడు. "దగ్గర స్టేజీరా. పల్లెవెలుగు బస్సు టాప్ గేరులో పడేసరికి ఇంకో స్టేజీ వచ్చేస్తది. ఎక్కను దిగనే సరిపోయింది దీనికి." నేను ఇంటర్నెట్టులో అరగంట వెతికినా ఇంతకన్నా బాగా దొరికేది కాదు. ఎక్కడం, కొండ దాటడం, లోయలోకి దిగడానికి ఇంత చుట్టు తిరగడం. నిలకడగా పోయే ముచ్చటే లేదు.

సాయంత్రానికి బావమరిది వచ్చాడు. నల్లబడ్డాడు, గడ్డం పెంచాడు. తండ్రీకొడుకులు వాటేసుకోలేదు, మన వైపు అలవాటు లేదుగా. "ఏరా, తిన్నావా?" అన్నాడు మామయ్య. "తిన్నా. విమానం ఎట్టుంది నాన్నా?" "మూత బాగుంది" అన్నాడాయన.

ఐదో రోజు, ఆరో రోజు

పొద్దున్నే ఆవకాయ డబ్బా విప్పే కార్యక్రమం. ప్లాస్టరు లాగి, పిండిముద్ద గీకి, మూత కదిలించగానే తుస్సుమని గాలి బయటికొచ్చింది. ఆ ఊపుకి నూనె బొట్లు మామయ్య బనీను మీద పడ్డాయి. చెడిపోయిందేమోనని ఆయన ముఖం మాడిపోయింది. బావమరిది నవ్వాడు. కందుకూరులో, సముద్రానికి అంత దగ్గర్లో, అత్త బిగించిన గాలి అది. శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్ల ఎత్తు, ఇక్కడ బయటిగాలి బరువు తక్కువ, లోపలిది తన్నుకొచ్చింది. సొరంగం క్యాంపులో బిస్కట్ ప్యాకెట్లు కూడా పొట్టలు ఉబ్బి ఉంటాయట. "అంటే మా ఊరి గాలి నాలుగు రోజులు డబ్బాలో కూర్చుని వచ్చిందన్నమాట" అని మామయ్య ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

అన్నం లేదు. ఎదురుగా రొట్టెల కొట్లో వేడివేడి రొట్టెలు తెచ్చాడు బావమరిది. మట్టి తందూరులో కాల్చిన గుండ్రటి రొట్టె, పైన వేళ్లతో నొక్కిన గాళ్లు. ఆవకాయ నూనె ఆ గాళ్లలో నిలిచి లోపలికి ఇంకింది. చెప్పకేం, అన్నంలోకంటే ఒక మెట్టు ఎక్కువే, అత్తకి మాత్రం ఈ మాట చెప్పలేదు. రొట్టెలు కాల్చేవాణ్ణి అక్కడ కాందుర్ అంటారట. మామయ్య ఆ మాట పట్టుకున్నాడు. కొట్టు దగ్గరికి పోయి, తన గుండె మీద చెయ్యేసుకుని "కందుకూర్" అన్నాడు. ఆ ముసలాయన తన గుండె మీద చెయ్యేసుకుని "కాందుర్" అన్నాడు. ఇద్దరూ చాలాసేపు తలలూపుకున్నారు. రెండో రోజు ఆయన మాకు రెండు రొట్టెలు ఊరికే ఇచ్చాడు.

ఊళ్లో జనం తక్కువ. దాల్ ఒడ్డున షికారా పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి, పరుపుల మీద పడవవాళ్లే నిద్రపోతున్నారు. మామూలుగా జూన్‌లో ఇక్కడ నిలబడే చోటుండదని బావమరిది అన్నాడు. మమ్మల్ని ఎక్కించుకున్న ఆయన ఎక్కడి నుంచి అని అడిగాడు. ఆంధ్రా అని చెప్పి ఊరుకోబోయాను. మామయ్య "కావలి దగ్గర" అన్నాడు. కావలి అంటే ఆయనకేం తెలుస్తుందని నేను అనువాదం చెయ్యలేదు. బావమరిది చేశాడు, కాస్త వివరంగానే. పడవాయన తెడ్డు ఆపేశాడు. కాసేపు పడవ దానంతటదే పోయింది. దిగేటప్పుడు డబ్బు తీసుకోనన్నాడు. మామయ్య బలవంతంగా ఆయన జేబులో పెట్టాడు.

చెర్రీపళ్ల కాలం. అట్టపెట్టెల్లో వరసగా పేర్చి అమ్ముతున్నారు. మూడు పెట్టెలు కొన్నాం, ఒకటే ఇంటికి చేరింది.

ఏడో రోజు

బావమరిది తెల్లవారకముందే క్యాంపుకి వెళ్లిపోయాడు. సంక్రాంతికి వస్తానన్నాడు. మామయ్య డైరీలో అది కూడా రాసుకున్నాడు, టైము వేసి.

శ్రీనగర్ స్టేషను ఊరి బయట నౌగామ్ దగ్గర. ఎనిమిదికి బండి. తనిఖీలు విమానాశ్రయంలో లాగానే. కానీ చెప్పిన టైముకి కదిలింది. మామయ్య వాచీ చూసి, బండి వైపు గౌరవంగా చూశాడు.

కట్రాకి మూడు గంటలు. మొదట అంతా లోయ, కుంకుమపువ్వు పండే పాంపోర్, తర్వాత అనంతనాగ్, కాజీగుండ్. అక్కడి నుంచి 11 కిలోమీటర్ల పైచిలుకు పీర్ పంజాల్ సొరంగం. మూడు రోజుల క్రితం ఏ కొండ మీదుగా ఎగిరామో ఇప్పుడు దాని పొట్టలోంచి పోతున్నాం. బనిహాల్ దాటాక ఇంకా విచిత్రం. బనిహాల్ నుంచి కట్రాకి 111 కిలోమీటర్లయితే అందులో 97 కిలోమీటర్లు సొరంగాలే. చీకటి, ఒక్క క్షణం వెలుగు, లోయ, వంతెన, మళ్లీ చీకటి. "ఈళ్లు కూడా మూతలు దించారే" అన్నాడు మామయ్య.

చీనాబ్ వంతెన కోసం మాత్రం ఆయన గంట ముందు నుంచే ద్వారం దగ్గర నిలబడ్డాడు. నది మట్టం నుంచి 359 మీటర్ల ఎత్తు, పొడవు 1,315 మీటర్లు. ఆయన ఆత్రానికి ఎత్తు ఒక్కటే కారణం కాదు. ఆ వంతెన కాళ్లు దిగిన కొండవాలు నిలబడేలా చూసిన ఇంజనీర్లలో ఒకావిడ జి. మాధవీలత, బెంగళూరు ఐఐఎస్సీలో ప్రొఫెసరు, మా వైపు ఆవిడే. ఒంగోలు దగ్గర నాగులుప్పలపాడు మండలం ఏడుగుండ్లపాడు. పదిహేడేళ్లు ఆ పని మీద ఉన్నారు. అక్కడి రాయి పగుళ్లమయం. ముందే గీసిన డిజైను పట్టుకు కూర్చుంటే కుదరదు, తవ్వేకొద్దీ ఏ రాయి బయటపడితే దానికి తగ్గట్టు మార్చుకుంటూ పోయారు. పేపర్లలో పేరు మారుమోగినప్పుడు, ఇది వేలమంది కష్టం, నన్నొక్కదాన్నే ఎత్తి చూపకండి అని కూడా ఆవిడే అన్నారు.

మామయ్య ఆ మాట ఏమీ పట్టించుకోలేదు. పక్కన నిలబడ్డ పంజాబీ కుటుంబానికి కిటికీలోంచి చూపిస్తూ "దిస్... మై స్టేజి! ఏడుగుండ్లపాడు! మై టికెట్!" అంటున్నాడు. ఆ ఊరి జనానికి తను టికెట్లు కొట్టానని చెప్పడం ఆయన ఉద్దేశం. వాళ్లకేం అర్థమైందో గానీ ఆ ఇంటిపెద్ద మామయ్యకి షేక్‌హ్యాండిచ్చి, పిల్లల చేత కాళ్లకి దండం పెట్టించాడు. వంతెన తనే కట్టాడనుకున్నారేమో. నేను సరిదిద్దలేదు.

వంతెన మీద ఉన్నది ఒక నిమిషం కన్నా తక్కువే. మామయ్య యాభై ఆరు దాకా లెక్కపెట్టాడు. కింద నది సన్నటి పచ్చ దారం.

ఎనిమిదో రోజు

కట్రాలో దిగి వైష్ణోదేవి అమ్మవారి దర్శనం చేసుకోకుండా వస్తే ఇంట్లోకి రానివ్వనని అత్త ముందే చెప్పింది. దగ్గర దగ్గర 13 కిలోమీటర్ల ఎక్కుడు. గుర్రం మాట్లాడతానంటే మామయ్య ఒప్పుకోలేదు. 31 ఏళ్లు కదిలే బస్సులో నిలబడ్డ కాళ్లు, నాకన్నా ముందే పైకి చేరాయి. దర్శనం బాగా జరిగింది. దిగేటప్పుడు నా మోకాళ్లకి ఆయనే బామ్ రాశాడు.

తొమ్మిది నుంచి పదకొండు

మళ్లీ అదే రైలు, అదే ఎండ, పైబెర్తు మీద ఈసారి చెర్రీల పెట్టె. పఠాన్‌కోట దాటగానే మామయ్య ఫోనుకి ప్రాణం వచ్చింది. వరసగా మెసేజీలు మోగాయి. అందులో పెళ్లిచూపుల పిల్ల వాళ్ల నాన్నది ఒకటి, ఆ రోజు సిగ్నలే పోయిందట. మామయ్య రైలు దిగేదాకా ఆ మెసేజీ పదిసార్లు చదివించుకున్నాడు.

ఒంగోలులో దిగేసరికి రాత్రి రెండు దాటింది. ఆటోలో బస్టాండుకి పోయాం. కందుకూరు మొదటి బస్సు నాలుగున్నరకి. టీ కొట్టు కూడా కట్టేశారు. మామయ్య సిమెంటు బెంచీ మీద తువ్వాలు పరిచి, సెల్‌ఫోన్ లైటు వెలుగులో డైరీ తీసి రాశాడు: ఒంగోలు బస్టాండు, హాల్టు 2 గంటల 10 నిమిషాలు.

"ఇంటికి నలభై కిలోమీటర్ల చిల్లరేరా" అన్నాడు. "నడిచి పోదామా?"

సరే పదమని నేను సంచి అందుకునేలోపే గురక వినిపించింది.